రీస్టోర్ చేసి చూపించాకే సాధనాన్ని కొనాలి

సంపాదకులకు,

నమస్కారం. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలోనో, మీసేవ కేంద్రంలోనో ‘సర్వర్ డౌన్’ అయి జనం గంటల తరబడి కూర్చున్నారన్న వార్త జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తూనే ఉంటుంది. మర్నాడు సర్వర్ లేస్తుంది, వార్త పాతబడుతుంది. ఇరవై ఏళ్లకు పైగా డేటాబేస్ నిర్వాహకుడిగా, మా వాడుకలో చెప్పాలంటే డీబీఏగా, పనిచేస్తున్న నాకు మాత్రం ఆ వార్త చదివినప్పుడల్లా ఒకటే సందేహం కలుగుతుంది: ఈసారికి లేచింది సరే, లేవని రోజున ఆ రికార్డులను ఎక్కడి నుంచి తెస్తారు, ఎన్ని గంటల్లో తెస్తారు? ప్రభుత్వ శాఖలు తమ డేటాబేసులకు పర్యవేక్షణ సాధనాలను (సర్వర్ బాగోగులు కనిపెట్టి హెచ్చరించేవి), బ్యాకప్ సాధనాలను (డేటా నకళ్లు తీసి దాచేవి) ఎంచుకునే తీరు మీద నా అభిప్రాయం చెప్పడానికే ఈ లేఖ.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో ‘కార్డ్’ పేరిట రిజిస్ట్రేషన్ కార్యాలయాలు కంప్యూటర్లకు మారాయి. 2011లో మీసేవ వచ్చింది. తెలంగాణలో 2020లో మొదలైన ధరణి స్థానంలోకి 2025 ఏప్రిల్‌లో భూ భారతి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు తన అడంగల్, 1బి నకళ్లను మీభూమిలో చూసుకుంటున్నాడు. అంటే ఒకనాడు తహసీల్దారు కార్యాలయం బీరువాలో చెదలు పట్టే ప్రమాదమున్న పహాణీ, ఈనాడు ఏదో డేటా సెంటర్‌లోని ఒక పట్టికలో ఒక వరుస. చెదలు కంటికి కనిపిస్తాయి, చెడిపోయిన బ్యాకప్ కనిపించదు.

ఇలాంటి సాధనాల టెండర్లకు సరఫరాదారుల తరఫున జవాబులు నింపిన అనుభవం నాకుంది. పత్రంలో పొడవాటి పట్టిక ఒకటి ఉంటుంది: ప్రతి రాత్రి బ్యాకప్ తీస్తుందా, బ్యాకప్‌ను కుదిస్తుందా, ఎన్‌క్రిప్ట్ చేస్తుందా (తాళం వేసినట్టు సంకేతాల్లోకి మారుస్తుందా), రంగుల డాష్‌బోర్డు ఉందా, మొబైల్‌కు సందేశం పంపుతుందా. పక్కన ‘అవును’, ‘కాదు’ అని రెండు గడులు. ‘కాదు’ అని రాసినవాణ్ని నేనింతవరకూ చూడలేదు. ‘మా డేటానే తీసుకుని, మా ఖాళీ సర్వర్ మీద, మా కళ్లెదుట రీస్టోర్ చేసి చూపండి, గడియారం మేం పట్టుకుంటాం’ అన్న షరతు, అంటే బ్యాకప్ నకలు నుంచి డేటాబేసును తిరిగి నిలబెట్టి చూపాలన్న షరతు, మాత్రం ఆ పట్టికల్లో నాకు కనబడలేదు. నా మనవి అంతా ఆ ఒక్క షరతు గురించే.

ఎందుకింతగా చెబుతున్నానో నా సొంత అనుభవంతోనే వివరిస్తాను. గతంలో నేను పనిచేసిన ఒక సంస్థలో మైఎస్‌క్యూఎల్ డేటాబేసును ప్రతి రాత్రి మైఎస్‌క్యూఎల్‌డంప్ అనే ప్రోగ్రాముతో నకలు (డంపు) తీసి, నేరుగా జీజిప్ అనే కుదించే ప్రోగ్రాముకు అందించి, కుదించిన ఫైలును వేరే డిస్కులో దాచేవాళ్లం. పర్యవేక్షణ తెరమీద ఆ పని ఎదురుగా ప్రతి ఉదయం పచ్చటి టిక్కు పడేది. ఒకరోజు వేరే పనిమీద ఆ ఫోల్డరు తెరిచి చూస్తే, 11 గిగాబైట్ల చొప్పున ఉండవలసిన ఫైళ్లు వరుసగా 20 బైట్లు, 20 బైట్లు, 20 బైట్లు అని కనిపించాయి. కాళ్లూ చేతులూ ఆడలేదు. ఎవరో బ్యాకప్ యూజర్ పాస్‌వర్డ్ మార్చడంతో డంపు మొదటి క్షణంలోనే విఫలమవుతోంది. కుదించే ప్రోగ్రాము మాత్రం తనకందిన శూన్యాన్ని శ్రద్ధగా కుదించి, ‘పని జయప్రదం’ అని చెబుతోంది. మా సాధనం ఆ చివరి మాటనే నమ్మింది. ఈ పనులు నడిపే స్క్రిప్టులో ‘పైప్‌ఫెయిల్’ (వరుసలో ఏ మెట్టు విఫలమైనా మొత్తం విఫలమైనట్టు చెప్పు) అన్న ఒక్క పదం చేర్చి ఉంటే మొదటి రాత్రే బయటపడేది. అలా నలభై రోజులు గడిచాయి, ఆ రోజుల్లో డిస్కు పోలేదు కాబట్టి బతికిపోయాం.

ఇది చిన్న సంస్థల తెలివితక్కువతనమని అనుకోవద్దు. 2017 జనవరి 31 రాత్రి, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే సేవలందించే గిట్‌ల్యాబ్ సంస్థలో అలసిపోయిన ఇంజనీరు ఒకరు రెండో సర్వర్ అనుకుని ప్రధాన సర్వర్‌లోని డేటా డైరెక్టరీని తుడిచేశారు. ఒకటి రెండు సెకన్లలోనే గుర్తించి ఆపినా, సుమారు 300 గిగాబైట్లలో మిగిలింది నాలుగున్నరే. బ్యాకప్‌ల కోసం వెతికితే, ఉండవలసిన చోట ఏమీ లేదు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6 కాగా డంపు తీసే ప్రోగ్రాము 9.2 వెర్షన్‌ది కావడంతో అది ఎప్పటి నుంచో విఫలమవుతోంది; ఆ సంగతి చెప్పవలసిన ఈమెయిళ్లను, పంపినవారు అసలైనవారో కాదో చూసే డీమార్క్ తనిఖీలో నెగ్గలేదని మెయిల్ సర్వర్ తిరస్కరిస్తోంది. ఎవరో వేరే అవసరానికి ఆరు గంటల ముందు చేత్తో తీసుకున్న స్నాప్‌షాట్ (ఆ క్షణానికి డేటా నకలు) ఒకటి దొరకబట్టి, ఆ ఆరు గంటల్లో నమోదైనవి పోయినా మిగతాది దక్కింది. ఆ సంస్థ దీన్నంతా దాచకుండా ప్రజల ముందు పెట్టడం వల్లే మనకిది తెలుసు.

పర్యవేక్షణ సాధనాల ఎంపికలో నాకు కనిపించే పెద్ద లోపం ఇక్కడే ఉంది. ఎన్ని అలర్టులు పంపగలదన్నదాన్ని బట్టి సాధనాన్ని మెచ్చుకుంటాం. రాత్రికి నాలుగు వందల మెయిళ్లు వస్తే డీబీఏ వాటినన్నిటినీ ఒక ఫోల్డరులోకి మళ్లించి నిద్రపోతాడు. నేనూ ఆ పని చేశాను. ‘చెడు జరిగింది’ అని చెప్పే అలర్టు కంటే ‘రావలసిన మంచి కబురు రాలేదు’ అని చెప్పే అలర్టు మేలు. బ్యాకప్ ముగిసిందన్న సమాచారం, నిన్నటి ఫైలు పరిమాణంతో సహా, ఉదయం 5 గంటలకల్లా అందకపోతే ఫోను మోగాలి. ఆ పర్యవేక్షణ సర్వర్ కూడా డేటాబేస్ ఉన్న యంత్రంలోనే ఉంటే, రెండూ కలిసి ఆగిపోయినప్పుడు ఫోను చేసే దిక్కుండదు.

ఖరీదు విషయం తొందరగా ముగిస్తాను. జాబిక్స్, ప్రొమీథియస్, గ్రఫానా వంటి ఉచిత సాధనాలు ఈ పనికి చాలావరకు సరిపోతాయి. ఒరాకిల్ వాడే శాఖలు మరొకటి గమనించాలి: డేటాబేస్ పనితీరును చూపే ఏడబ్ల్యూఆర్ నివేదికలకు ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ మీద డయాగ్నస్టిక్స్ ప్యాక్ లైసెన్సు వేరుగా కొనాలి, అయితే కొనకపోయినా ఆ సదుపాయం తెరిచే ఉంటుంది. తెలియక వాడుకుంటే బిల్లు ఆడిట్ నాడు వస్తుంది.

బ్యాకప్ సాధనం సంగతి అంత సులువు కాదు. రాత్రి 1 గంటకు డంపు తీసే సాధనమొక్కటే ఉండి, మధ్యాహ్నం 3 గంటలకు డిస్కు పోయిందనుకోండి. ఆ పూట డబ్బు కట్టి, వేలిముద్ర వేసి వెళ్లినవారి దస్తావేజులన్నీ గల్లంతే. అందుకే డేటాబేసులో జరిగే ప్రతి మార్పునూ నమోదు చేసే ఫైళ్లను, అంటే పోస్ట్‌గ్రెస్‌లో వాల్ ఫైళ్లను, ఒరాకిల్‌లో ఆర్కైవ్ లాగులను, మైఎస్‌క్యూఎల్‌లో బిన్‌లాగులను ఎప్పటికప్పుడు మరో చోటికి చేర్చి, కోరుకున్న నిమిషానికి డేటాబేసును తీసుకురాగల ఏర్పాటు ఉండాలి. ఆర్‌మ్యాన్, పీజీబ్యాక్‌రెస్ట్, బార్‌మన్ వంటివి ఇందుకు పనికొస్తాయి. ‘మాకు రెండో సర్వర్‌లో నకలు నడుస్తోంది కదా’ అని నిశ్చింతగా ఉండే అధికారులను చూశాను. పొరపాటున ఇక్కడ తుడిస్తే ఆ నకలులోనూ సెకన్లలో తుడిచిపెట్టుకుపోతుంది. మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేసులో ‘రీస్టోర్ వెరిఫైఓన్లీ’ అనే ఆజ్ఞ ఉంది. పేరులో రీస్టోర్ ఉన్నా అది దేన్నీ రీస్టోర్ చేయదు, ఫైలు చదవడానికి వీలుగా ఉందో లేదో మాత్రమే చూస్తుంది. దాని ఫలితాన్ని పరీక్ష నివేదికగా అంగీకరించకూడదు.

2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ మీద రాన్సమ్‌వేర్ (డేటాను బంధించి డబ్బు అడిగే ప్రోగ్రాము) దాడి జరిగినప్పుడు, దాడి సోకని బ్యాకప్ సర్వర్ ఒకటి ఉండడం వల్ల ఈ-హాస్పిటల్ సమాచారం దక్కింది. అయినా ఓపీ నమోదు మొదలుకొని డిశ్చార్జి దాకా సేవలు కుదుటపడేసరికి సుమారు రెండు వారాలు పట్టింది. అన్నాళ్లూ పనంతా కాగితం మీద నడిచింది. బ్యాకప్ ఉండడం ఒక ఎత్తు, దాన్ని ఎన్ని గంటల్లో నిలబెట్టగలమన్నది మరో ఎత్తు. దక్షిణ కొరియాలో 2025 సెప్టెంబరు 26న డేజాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీల వల్ల రేగిన మంటల్లో, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ నుంచి 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. దానికి బయట బ్యాకప్ లేదు. పరిమాణం మరీ ఎక్కువ కావడం వల్ల పెట్టలేకపోయామని అక్కడి అధికారులు చెప్పారు. సాంకేతికంగా అంత ముందున్న దేశంలోనే అలా జరిగింది.

కాబట్టి టెండరులో ధర చూసే ముందు, శాఖ సొంత డేటాతో రీస్టోర్ చేయించి, పట్టిన సమయానికే ఎక్కువ మార్కులు వేయాలి. గుత్తేదారు మారినా ఆ బ్యాకప్‌లను తెరవగలిగేలా, వాటి ఎన్‌క్రిప్షన్ తాళంచెవులు శాఖ చేతిలోనే ఉండాలి. ధరణి నుంచి భూ భారతికి మారినట్టు పోర్టళ్లు మారుతూనే ఉంటాయి కదా. కొన్నాక కూడా మూడు నెలలకొకసారి అదే పరీక్ష జరిపి, తేదీని శాఖ వెబ్‌సైట్‌లో పెట్టాలి.

ఇది అమలయ్యేదాకా పౌరులు ఎదురుచూడనవసరం లేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా రెండు ప్రశ్నలు అడగవచ్చు: మీ డేటాబేసును బ్యాకప్ నుంచి చివరిసారి పూర్తిగా రీస్టోర్ చేసి చూసింది ఏ తేదీన, దానికి ఎన్ని గంటలు పట్టింది? రహస్యమేదీ బయటపెట్టనక్కరలేని ప్రశ్నలివి. రిజిస్ట్రేషన్, రెవెన్యూ శాఖలకు ఈ వారమే నేను దరఖాస్తు పెడుతున్నాను. చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. జవాబు వస్తే మీకు పంపుతాను, రాకపోతే ఆ సంగతీ రాస్తాను.

ఇట్లు,
ఒక డేటాబేస్ నిర్వాహకుడు,
విశాఖపట్నం