గెయిన్ తగ్గించు తల్లీ

అమ్మలూ,

రాత్రి ఒంటిగంటకు నువ్వు పంపిన నీ హెవీ గిటార్ పాట మిక్స్, అదే అన్ని ట్రాకులూ కలిపిన రికార్డింగ్, విన్నాను. "హెడ్‌ఫోన్స్‌లో గర్జిస్తోంది నాన్నా, కార్లో పెడితే తేనెతుట్టె కదిపినట్టుంది, ఇక నా వల్ల కాదు" అని రాశావు. కార్లో నేనూ విన్నాను. నిజమే, అలాగే ఉంది. కానీ వాయింపు బాగుంది. రెండో రిఫ్‌లో, మళ్లీ మళ్లీ వచ్చే ఆ గిటార్ ముక్కలో, పామ్ మ్యూట్ (అరచెయ్యి అంచుతో తీగల్ని నొక్కి వాయించడం) అంత కచ్చితంగా పడటం నీ వయసుకి తక్కువ సంగతేం కాదు. చిక్కంతా ఆ తర్వాతే వచ్చింది.

సౌండ్ రికార్డింగ్‌లో నా సర్వీసంతా వయొలిన్లు, తబలాలు, కోరస్‌లతోనే గడిచింది, హెవీ గిటార్లు నా దగ్గరికి వచ్చింది తక్కువ. అయినా ఒకదాని మీద ఒకటి పడితే ఏది మునిగిపోతుందో చెవికి తెలుస్తుంది కదా.

ముందు గెయిన్ తగ్గించు, అదే గిటార్ శబ్దాన్ని గరగరలాడించే ఆ మోతాదు. ఒక్కదానివే వాయించుకునేటప్పుడు కమ్మగా ఉండే గెయిన్, నాలుగు ట్రాకులు కలిసేసరికి ముద్దయిపోతుంది. ఆ గరగర, అంటే డిస్టార్షన్, శబ్దాన్ని నొక్కి చదును చేస్తుంది. అందులో ముందు పోయేది పిక్ తీగను తాకే దెబ్బే. నీకు కావలసిన బరువంతా ఆ దెబ్బలో ఉంది.

రెండోది, గిటార్‌ని సోలోలో పెట్టి, అంటే మిగతావన్నీ ఆపేసి, విని తీర్పు చెప్పకు. నీ ఏడో తీగ, బి, 62 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఆ కింద భాగమంతా బాస్ గిటార్‌ది, కిక్ డ్రమ్‌ది. అక్కడ గిటార్ కూడా కూర్చుంటే ముగ్గురూ తోసుకుంటారు. 80, 100 హెర్ట్జ్ దాకా కోసి చూడు. ఒంటరిగా వింటే పేలవంగా ఉంటుంది, బాస్ కలిపితే తేడా తెలుస్తుంది. మిడ్స్, అంటే మధ్యస్థాయి శబ్దాలు, మాత్రం అంతలా తీసేయకు. డ్రమ్స్ మధ్య గిటార్ నిలబడేది వాటి మీదే.

ఇంకోటి, ఎడమ ట్రాక్‌నే కాపీ చేసి కుడికి పెట్టావు. దొరికిపోయావులే! రెండు పక్కలా పిక్ గీత ఒకటే వినిపించింది. అచ్చం ఒకేలాంటివి రెండు పెడితే వెడల్పు రాదు, మధ్యలో గట్టిగా వినిపిస్తుంది, అంతే. మళ్లీ వాయించాలి. విసుగే, తెలుసు. రెండుసార్లు వాయించినప్పుడు చెయ్యి చేసే ఆ కాస్త తేడాలోంచే వెడల్పు వస్తుంది.

ఈక్యూలో, అదే ఏ స్థాయి శబ్దం ఎంత ఉండాలో సర్దే ఈక్వలైజర్‌లో, అన్ని గుంటలు ఎందుకు తవ్వావు? సన్నటి బ్యాండ్‌ని బాగా పైకి లేపి జరుపుతూ వెతికితే ఎక్కడైనా ఈల వినిపిస్తుంది. దానికన్నా మైక్‌ని స్పీకర్ మధ్య నుంచి అంచు వైపు ఒక్క అంగుళం జరుపు, చురుకు దానంతటదే తగ్గుతుంది.

ఇక అసలు సంగతి. చెవిలో గుయ్‌మంటోందని అమ్మతో అన్నావట, నాకు మాత్రం చెప్పలేదు. వాల్యూం పెంచితే బాస్ పెరిగినట్టు అనిపిస్తుంది, చెవి స్వభావమే అంత. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపించారు. అందుకే రాత్రి అద్భుతం అనిపించింది పొద్దున చప్పగా ఉంటుంది. చెవి పాడవకుండా వినాలంటే 85 డెసిబెల్స్ అయితే రోజుకి ఎనిమిది గంటలు, 88 అయితే నాలుగే అని లెక్క. మాట్లాడుకుంటే వినపడేంత సౌండ్‌లో మిక్స్ చెయ్యి. నువ్వు పోల్చుకునే పాటని కూడా నీ మిక్స్ స్థాయికి తగ్గించి విను. అది మాస్టరింగ్, అంటే విడుదలకి ముందు చేసే చివరి మెరుగు, అయి వచ్చింది, గట్టిగానే ఉంటుంది మరి. రెండు రోజులు హెడ్‌ఫోన్స్ ముట్టుకోకు. అప్పటికీ ఆ గుయ్ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్దాం, ఇందులో బేరాల్లేవు.

శనివారం వచ్చేటప్పుడు బాస్, డ్రమ్స్, గిటార్లు విడివిడిగా, ప్లగిన్లన్నీ (సౌండ్ మార్చే ఆ సాఫ్ట్‌వేర్లు) తీసేసి హార్డ్ డిస్క్‌లో వేసుకురా. కొత్త ఆంప్ ప్లగిన్ కొనాలన్నావుగా, ఆ డబ్బుల సంగతి ఆ తర్వాత మాట్లాడదాం.

నాన్న