కుక్కను ఆడించే పద్ధతి ఇదా?

సంపాదకులు గారికి నమస్కారం.

ఎండాకాలం సెలవులు మొదలైన దగ్గర్నుంచి విజయనగరం పెద్ద చెరువు పక్క రోడ్డు మీద సాయంత్రం నాలుగింటికే ఓ తంతు నడుస్తోంది. ఇద్దరు కుర్రాళ్లు స్కూటీ ఎక్కుతారు. వెనక కూర్చున్నవాడు గొలుసు పట్టుకుంటాడు, కుక్క పక్కన పరిగెత్తాలి. ఇదేంటి బాబూ అంటే 'ఎక్సర్‌సైజ్ ఆంటీ' అంటారు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పితేనే దాని వేడి దిగుతుంది. అరచేతి వెనక వైపు తారు రోడ్డుకు ఆనించి 7 సెకన్లు ఉంచలేకపోతే, ఆ రోడ్డు దాని కాళ్లకూ కాలుతున్నట్టే. ఈ రోజుల్లో ఆటంటే పొద్దెక్కకముందో, రోడ్డు చల్లబడ్డాకో. చొంగ కారుస్తూ, రొప్పుతూ తూలిందంటే వెంటనే నీడకు తెచ్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, గాలి తగిలేలా చూస్తూ పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి.

నేను మూడు లాంతర్ల దగ్గర బట్టలు కుడతాను. మా ఇంట్లో కర్రోడని ఒక నాటు కుక్క ఉంది. కొనిచ్చిన బొమ్మ దానికి ఒక్కటీ లేదు. జాకెట్లలో మిగిలిన కాటన్ పీలికలు గట్టిగా జడలా అల్లి రెండు వైపులా ముడేస్తే లాగుడాటకు తాడు తయారు. పీచు లేచిన చోట ఎప్పటికప్పుడు కత్తిరించేస్తాను. దారాలు మింగితే పేగుల్లో చుట్టుకుని ప్రాణం మీదకు వస్తుంది.

లాగుడాటతో కుక్కకు పొగరెక్కుతుందని మా మావయ్య గారి వాదన. పద్ధతిగా ఆడిస్తే అలా ఏం కాదు. 'ఒదులు' అంటాను. వదిలితే ఉడికిన గుడ్డు ముక్క పెట్టి, తాడు మళ్లీ దాని నోటికే ఇస్తాను. చాలామంది వదలగానే తాడు లాక్కుని దాచేస్తారు. ఇంకోసారి అదెందుకు వదులుతుంది? వదిలినా ఆట ఆగదని తెలిసిన కుక్క నోట్లో చెప్పు ఉన్నా ఇచ్చేస్తుంది. పన్ను చేతికి తగిలితే మాత్రం అరవకుండా, కొట్టకుండా లేచి పక్కకు వెళ్లిపోతాను. కాసేపు ఆట బంద్. తాడు పట్టుకుని కుక్కను పైకి లేపడం, మెడ అటూ ఇటూ విసురుగా ఊపడం వద్దు. పళ్లు మారే వయసు కుక్కపిల్లలతో అయితే మరీ మెల్లగా ఆడాలి.

ముందుకాళ్లు నేలకు వంచి నడుం పైకెత్తిందంటే ఆటకు పిలుస్తున్నట్టు. అప్పుడు గుర్రుమన్నా కంగారక్కర్లేదు. ఒళ్లు బిగబట్టి, కదలకుండా, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తే ఆట అయిపోయినట్టే, చెయ్యి పెట్టకూడదు. మా వీధిలో ఓ తండ్రి కుక్క తింటుంటే గిన్నె లాగమని నాలుగేళ్ల పిల్లాడిని ఎగదోసి వీడియో తీస్తుంటాడు. పెద్దవాళ్లు పక్కన లేకుండా చిన్నపిల్లల్ని కుక్కతో ఆటకు వదలొద్దనుకుంటాం, ఇక్కడ పెద్దాయనే దగ్గరుండి నేర్పుతున్నాడు!

గొంతులోకి జారిపోయేంత చిన్న బంతులు ఇవ్వకండి. కర్ర విసిరి తెమ్మంటే నోట్లో గుచ్చుకోవచ్చు, ఆ సరదా మానుకోండి. వానొచ్చి బయటకు వెళ్లలేని రోజు పాత తువ్వాలు మడతల్లో అన్నం ముద్దలు దాచి వెతకమంటే చాలు. కర్రోడు వాసన చూసీ చూసీ అలిసి నా మిషన్ కిందే పడుకుంటాడు.

మూడు నెలల వయసులో రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పిన తేదీలకు బూస్టర్ వేయించాలి. ఆటలోనైనా పన్నో గోరో గీరుకుంటే సబ్బుతో, పారే నీళ్లకింద 15 నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్లాల్సిందే. పసుపు, కారం పూసి ఇంట్లో కూర్చోవద్దు.

మునిసిపల్ కార్పొరేషన్ వారికి ఒక మనవి. ఊళ్లో ఏదైనా ఖాళీ స్థలంలో ఓ మూల కంచె వేసి, ఉదయం ఒక గంట టీకా కార్డు ఉన్న కుక్కలకు వదలండి. నడకకు వచ్చేవాళ్లకూ భయం ఉండదు, స్కూటీ కుర్రాళ్లకూ సాకు ఉండదు.

ఇట్లు
ఒక దర్జీ, మూడు లాంతర్లు, విజయనగరం