వల్కన్లకి ఫీలింగ్స్ లేవనడం తప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం పిల్లల పేజీలో స్టార్ ట్రెక్ అనే టీవీ సీరియల్లో వేరే గ్రహం మనుషుల్లాంటి వల్కన్ల గురించి వేశారు, మా పాపా నేనూ కలిసి చదివాం, చాలా సంతోషం వేసింది, కానీ వాళ్ళకి ఫీలింగ్సే ఉండవని రాయడం మాత్రం కరెక్ట్ కాదండి. 1966లో మొదలైన ఆ సీరియల్ కథ ప్రకారం వాళ్ళ ఎమోషన్స్ మనకంటే చాలా ఎక్కువ, ఆ కోపంతోనే ఒకళ్ళనొకళ్ళు చంపుకుని జాతి మొత్తం తుడిచిపెట్టుకుపోయే దాకా వచ్చింది, అప్పుడు సూరాక్ అనే ఆయన మనసుని లాజిక్‌తో అదుపులో పెట్టుకోమంటే చాలామంది విన్నారు, వినని వాళ్ళు గ్రహం వదిలి వెళ్ళిపోయి రోములన్లు అయ్యారు. ఏడేళ్ళకోసారి పెళ్ళి వేళకి ఆ అదుపు కూడా తప్పుతుంది, ఆ సీరియల్లో ముఖ్యమైన పాత్ర స్పాక్, అంతటివాడికీ తప్పలేదు. ఫీలింగ్స్ లేనోళ్ళకి ఇంత కష్టం ఎందుకు చెప్పండి?

ఇంకోటి, రాగి ఉండటం వల్ల వాళ్ళ రక్తం ఆకుపచ్చ అన్నారు, కథలో అంతే. కానీ నిజంగా రాగి రక్తం మన రొయ్యలకి, పీతలకి ఉంటుంది, దాన్లో ఉండే హీమోసయనిన్ అనే రాగి ఉన్న ప్రోటీన్‌కి ఆక్సిజన్ తగిలితే నీలంగా మారుతుంది. పీత కాలు విరిచినప్పుడు కారే నీళ్ళలాంటిది చూపించి ఇదే దాని రక్తం అంటే మా పాప గిన్నె దగ్గర్నుంచి కదల్లేదు. ఈ ముక్క కూడా ఒకసారి వేయండి.

ఒక పాఠకురాలు, భీమవరం