సైకిలు అమ్మను

చిరంజీవి చిన్నికి అమ్మ ఆశీస్సులు.

బాల్కనీలో ఊరికే తుప్పు పడుతోంది, ఆ సైకిలు అమ్మెయ్యమని మొన్న ఫోన్లో అన్నావు. నేను సరేననలేదు, నువ్వు గమనించినట్టు లేదు. అమ్మను. ఎందుకో ఫోన్లో చెబితే మీ నాయన పక్కన కూర్చుని నవ్వుతాడు. అందుకే ఈ ఉత్తరం.

అనంతపురం నుంచి బదిలీ మీద వచ్చి ఇన్నేళ్లయినా నాకు తెలిసిన విశాఖ ఎంతనీ? ఇసుకతోట బస్టాపు, బ్యాంకు, రైతుబజారు. చుట్టాలొస్తే బీచిలో ఆ జలాంతర్గామి ముందు ఒక ఫోటో. నువ్వు పుణె వెళ్లాక ఒక ఆదివారం ఏమీ తోచక నీ సైకిలు కిందికి దింపినా. చిన్నప్పుడు గంటకింతని అద్దె సైకిలు తెచ్చుకుని, సీటందక కడ్డీ సందులోంచి కాలు పెట్టి తొక్కినదాన్నే. అయినా యాభై ఒకటో ఏట గేర్లు అర్థం కావడానికి రెండు వారాలు పట్టింది. అప్పూఘర్ దిగుడులో ముందు బ్రేకొక్కటే పట్టి పడ్డాను కూడా. మోకాలు చెక్కుకుపోయింది. నీకు చెప్పలేదులే.

బస్సులో తెలియదు గానీ ఈ ఊరంతా ఎత్తుపల్లాలేనే. తెన్నేటి పార్కు దాటాక వచ్చే ఎక్కుడు నా పిక్కలకు బాగా గుర్తు. ఆ పార్కు కిందే కదా, 2020 అక్టోబరులో వాయుగుండానికి బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి రాళ్లలో ఇరుక్కుంది. దాని పేరు ‘మా’ అట, అంటే వాళ్ల భాషలో అమ్మ. ఎప్పుడూ అక్కడే ఆగి నీళ్లు తాగుతాను.

రుషికొండ దాటి, మంగమారిపేట చేపల వాసన దాటితే తొట్లకొండ. కొండెక్కే దారిలో సగం తొక్కినా, సగం తోసినా. పైన స్తూపాలు, విహారాల పునాదులు చూసి అందరూ ఫోటోలు తీసుకుంటుంటే నేను తొట్ల దగ్గర నిలబడిపోయినా. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు కొండరాయిని తొలిచి వాననీళ్లు పట్టుకున్న తొట్లు. కొండకు ఆ పేరు వాటివల్లనే. 1976లో నేవీవాళ్లు విమానంలోంచి సర్వే చేస్తుంటే ఈ చోటు బయటపడిందట. ఎదురుగా అంత సముద్రముంది, తాగేందుకు చుక్క పనికిరాదు. బిందెలు వరసలో పెట్టి ట్యాంకరు కోసం కాచుకున్నదాన్ని, ఆ తొట్లను చూస్తే వాటిని తొలిచినవాళ్లు మన పక్కింటివాళ్లే అనిపించింది.

ఇంకాస్త ముందుకు పోతే ఎర్రమట్టి దిబ్బలు. ఇసుక రేణువులకు ఇనుము పొర పట్టి ఆ రంగొచ్చిందట, వానలకు కోసుకుపోయి లోపలంతా వంకలు వంకలు. సైకిలు రోడ్డు మీదే తాళం వేసి నడిచిపోయినా. చెప్పులకంటిన మట్టి చూసుకుంటే మీ తాత చెనిక్కాయల చేలోంచి ఇంటికొచ్చినట్టుండింది. ఈ ఊరొచ్చాక మొదటిసారి అక్కడే కాసేపు ఏడ్చినా. ఎందుకని అడగొద్దు, నాకూ తెలియదు.

మార్చిలో భీమిలి దాకా పోయినా. పోయేటప్పుడు చూడాలి నా వైభవం! పెద్దగేరులో, చెమట పట్టకుండా, గోస్తని సముద్రంలో కలిసే చోటికి. నాలో ఇంత బలముందా అనుకుంటే, తిరుగు ప్రయాణంలో తెలిసింది, అంతసేపూ తోసింది నైరుతి గాలి అని. ఇప్పుడది మొహమ్మీద కొడుతోంది. దిగుడులో కూడా తొక్కాల్సొచ్చింది. సాగర్‌నగర్ దగ్గర దిగిపోయి మురీ మిక్స్చర్ కొన్నా. మన బొరుగులే, ఇక్కడ పేరు వేరు. బండి ముసలామె నన్నూ సైకిలునూ ఎగాదిగా చూసి, ‘ఏటమ్మా, బస్సు దొరకలేదేటి?’ అంది. భీమిలి నుంచి వస్తున్నానన్నా. ఇంకో గుప్పెడు ఊరికే వేసింది.

తుప్పు సంగతి నువ్వన్నది నిజమే. ఉప్పుగాలికి చైను ఎర్రబడింది. మూలమీద షాపతను ‘ఇలగొదిలేస్తే తుప్పు తినీసింది కదమ్మా’ అని కోప్పడి, వారానికోసారి గుడ్డతో తుడిచి నూనె వెయ్యమన్నాడు. నీ పాత చున్నీ ఒకటి అందుకు వాడుతున్నా. ఆ నీలం రంగుదే, అరవొద్దు.

దీపావళికి వస్తావు కదా. అప్పటికి ఈశాన్యం గాలి మొదలవుతుంది. పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు సుఖం. ఆదివారం అయిదింటికి లేస్తానంటే తొట్లకొండ దాకా పోదాం. నీకు అద్దె సైకిలు చూసిపెడతాను.

అమ్మ