థీమ్ రిసార్టుల ధరలో కళాకారుడి వాటా ఎంత?

సంపాదకులకు నమస్కారం.

పల్లెటూరు వంటి ఏదో ఒక ఇతివృత్తం పెట్టుకుని నగర శివార్లలో కొత్తగా వెలుస్తున్న థీమ్ రిసార్టుల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. రాత్రికి పదిహేను, ఇరవై వేలు తీసుకునే ఈ బసలు ఆ ధరకు తగినవేనా అన్న ప్రశ్నను లేవనెత్తిన వ్యాసకర్త, చివరికి ‘ఎవరి స్తోమత వారిది’ అని వదిలేశారు. విషయం స్తోమతతో తీరిపోయేదైతే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం బోధించి, ఇప్పుడు పింఛనుతో బతుకుతున్నదాన్ని. పిల్లల పుట్టినరోజుకో, పెద్దల షష్టిపూర్తికో ఏడాదిపాటు కూడబెట్టిన డబ్బు తీసుకుని ఇలాంటి చోట్లకు వెళ్లే కుటుంబాలు మా కాలనీలోనే చాలా ఉన్నాయి. ఆ డబ్బుతో వారు నిజంగా ఏం కొంటున్నారు, అది ఎవరి చేతికి చేరుతోంది అన్నది మాట్లాడుకోవలసిన విషయమే.

సంక్రాంతి దాటిన వారంలో మా వారికి డెబ్బై ఏళ్లు నిండాయి. ఇంట్లో పూజ ముగిశాక, పల్లెలో పుట్టి పెరిగిన తండ్రిని మళ్లీ ఒక్క రోజైనా పల్లెలో ఉంచాలన్న కోరికతో మా అబ్బాయి ఔటర్ రింగ్ రోడ్డు దాటి గంటన్నర వెళ్తే వచ్చే ఒక రిసార్టులో రెండు గదులు తీసుకున్నాడు. గదికి పదహారు వేలు. అద్దె 7,500 రూపాయలు దాటితే 18 శాతం జీఎస్టీ పడుతుంది కాబట్టి రెండు గదులకు ఒక్క రాత్రికి 37,760 రూపాయలు అయ్యింది. పల్లె జీవితాన్ని పూర్తిగా జీవించి చూడండి అన్నది వారి ప్రకటన. ఎడ్లబండి, కుమ్మరి సారె, ఒగ్గుకథ, కట్టెల పొయ్యి మీద వంట, అన్నిటికీ అందులో ఫొటోలు ఉన్నాయి. తీరా వెళ్లాక ఎడ్లబండికి మనిషికి మూడు వందలు, సారె దగ్గర కూర్చోవడానికి నాలుగు వందలు విడిగా కట్టాలన్నారు.

గదుల విషయంలో నాకు ఫిర్యాదు లేదు. సిమెంటు గోడలకు ఎర్రమన్ను రంగు వేసి ముగ్గులు పెట్టారు, కప్పు మీద ప్లాస్టిక్ గడ్డి పరిచారు. వానకు కారని కప్పు, శుభ్రమైన బాత్రూం, రాత్రి లేస్తే వెలిగే దీపం పెద్ద వయసు వారికి కావలసినవే. ఆ మాటకొస్తే మా వారి ఊళ్లో కూడా ఇప్పుడు మట్టిగోడలు మిగల్లేదు. నా బాధంతా సాయంత్రం నుంచి జరిగిన దాని గురించే.

ఏడున్నరకు ఒగ్గుకథ మొదలైంది. ఐదుగురు కళాకారులు డోలు, తాళాలతో వచ్చి మల్లన్న కథ ఎత్తుకున్నారు. కొమురవెల్లిలో జాతర జరిగే రోజులు కావడంతో వారి గొంతుల్లో ఊపు కూడా ఉంది. ఊళ్లో పట్నం, అంటే రంగుల ముగ్గు, వేసి ఈ కథ చెబితే రాత్రంతా సాగుతుంది; ఒకే కథకుడు నిమిషాల్లో మల్లన్నగా, మేడలమ్మగా, గొర్రెల కాపరిగా మారిపోతూ, వింటున్నవారిని ఏడిపించి, మరుక్షణం నవ్విస్తాడు. చుక్క సత్తయ్య గారి వంటి పెద్దల కథ విన్నవారికి ఆ విద్య ఎంత పెద్దదో నేను చెప్పనక్కర్లేదు. ఇక్కడ మాత్రం కథ గొల్ల కేతమ్మ దగ్గరికి చేరేసరికి, అంటే పదిహేను నిమిషాలకే, సిబ్బందిలో ఒకరు వేదిక పక్కకు వచ్చి చేయి ఊపారు. వేరే కుటుంబం వారి కేక్ కోయడం ఉందట. స్పీకర్లలో సినిమా పాట మొదలైంది. కథకుడు కండువాతో ముఖం తుడుచుకుని, ఏమీ అనకుండా డోలును సంచిలో పెట్టుకున్నాడు. మా వారు లేచి ఆయన వెనకాలే గేటు దాకా వెళ్లారు. ఆటో వచ్చేవరకు అక్కడే రోడ్డు పక్కన నిలబడి ఆ కథకుడు మరో అరగంట కథ చెప్పాడు. ఆ రోజు గురించి మా వారు ఇప్పటికీ చెప్పుకునేది ఆ అరగంట గురించే.

మర్నాడు ఉదయం కుమ్మరి సారె దగ్గర కూడా ఇంచుమించు ఇదే జరిగింది. తొమ్మిదేళ్ల మా మనవడు గట్టిగా నొక్కడంతో మట్టి ముద్ద ఒక పక్కకు ఒరిగిపోయింది. కుమ్మరి పెద్దాయన సారెను ఆపలేదు. వాడి బొటనవేళ్లు రెండూ తన చేతుల్లోకి తీసుకుని ముద్ద నడిమిట్లో ఆనించి, ‘తొందర పడకు బిడ్డా, నువ్వు మెత్తగ పట్టుకుంటె మట్టి నీ మాట ఇంటది’ అన్నాడు. మట్టి మెల్లగా గుంటపడి, అంచు లేచి, వాడి చేతుల మధ్య ఒక చిన్న ముంత నిలబడింది. దాన్ని దారంతో కోసి దింపుతుండగానే పిల్లల వరుస పెరిగిందని మమ్మల్ని లేవమన్నారు. ఆరని, కాలని ఆ ముంతను పేపర్లో చుట్టి ఇచ్చారు. ఇంటికి చేరేలోగా రెండుగా పగిలింది.

నేను ఆ పెద్దాయనతో కాసేపు మాట్లాడాను. రోజుకు ఎనిమిది వందలు ఇస్తారట, అదీ శని, ఆదివారాలే. ఒగ్గుకథ బృందానికి ఐదుగురికీ కలిపి మూడు వేలని ముందురోజు రాత్రి మా వారికి ఆ కథకుడు చెప్పాడు. ఆ రాత్రి అక్కడ ఇరవై గదులైనా నిండి ఉన్నాయి. గదికి పదహారు వేల చొప్పున మూడు లక్షల ఇరవై వేలు. అందులో, ఏ మనుషులను చూపి మమ్మల్ని అక్కడికి రప్పించారో ఆ ఆరుగురికీ కలిపి చేరింది 3,800 రూపాయలు. నూటికి రూపాయి కన్నా కాస్త ఎక్కువ. స్థలం, అప్పు, కరెంటు, సిబ్బంది జీతాలు, వంట సరుకులు అన్నిటికీ ఖర్చు ఉంటుందని నాకు తెలుసు. అయినా ప్రకటనలో పెద్దవిగా వేసిన ముఖాలు వారివే కదా.

ఇలాంటి బసలకు ఎంత ఇచ్చినా దండగే అనేవారితో కూడా నేను ఏకీభవించను. అమెరికాలోని ఫ్లోరిడాలో డిస్నీ సంస్థ 2022 మార్చిలో ‘స్టార్ వార్స్’ సినిమాల్లోని అంతరిక్ష నౌకలా ఉండే గెలాక్టిక్ స్టార్‌క్రూయిజర్ అనే హోటల్ తెరిచింది. వంద గదులు. బయటికి కిటికీ అన్నదే లేదు. గదిలోని తెర మీద అంతరిక్షం కదులుతూ ఉంటుంది. వచ్చినవారు వేషాలు వేసుకుని రెండు రాత్రులు ఆ నౌకలో ప్రయాణికులుగా ఉంటారు, నటులు వారితో పాత్రలుగానే మాట్లాడతారు, అతిథి ఎవరి పక్షం చేరాడన్న దాన్నిబట్టి అతని ముందు కథ మారుతుంది. ఇద్దరు పెద్దలకు సుమారు 4,800 డాలర్లు, అప్పటి మారకంలో మూడున్నర లక్షల రూపాయలకు పైమాట. థీమ్ పార్కుల రంగంలో ఇచ్చే థియా పురస్కారం కూడా దానికి దక్కింది. వెళ్లివచ్చినవారిలో చాలామంది మెచ్చుకున్నది అక్కడి నటులను. అయినా 2023 సెప్టెంబరు చివరికల్లా, అంటే ఏడాదిన్నరకే, దాన్ని మూసివేశారు. అంత ధర పెట్టగలిగేవారు సరిపడా దొరకలేదు. ప్రతి అతిథితో రెండు రోజులు మాట్లాడే నటులను పెట్టుకుంటే ధర పెరుగుతుంది. ధర పెరిగితే జనం తగ్గుతారు. ఇది ఈ వ్యాపారంలోని నిజమైన చిక్కు, దాన్ని నేను తేలిక చేయను. మా దగ్గర జరిగింది వేరు. ధరను అలాగే పైన ఉంచి, మనుషులతో గడిపే సమయాన్ని మాత్రం కోసేశారు.

స్వీడన్ ఉత్తరాన యుకాస్‌యార్వి గ్రామంలోని మంచు హోటల్‌ది మరో దారి. దగ్గర్లోని టోర్నె నది నుంచి కోసిన మంచు దిమ్మెలతో ప్రతి చలికాలం దాన్ని కొత్తగా కడతారు, వేసవికి అది కరిగి మళ్లీ నదిలో కలుస్తుంది. గదిలో చలి సున్నాకు ఐదారు డిగ్రీలు దిగువన ఉంటుంది. ఆ గది ఇంకెక్కడా దొరకదు, దాన్ని చెక్కిన కళాకారుల పని కళ్లెదుటే ఉంటుంది. ధర ఎక్కువే అయినా దేనికి ఇస్తున్నామో స్పష్టంగా తెలుస్తుంది.

మన నగరంలోనే ఫలక్‌నుమా ఉంది. పైగా వంశపు ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో శంకుస్థాపన చేసి కట్టించుకున్న భవనం ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వెళ్లి, ఆ తరువాత చాలా ఏళ్లు పాడుబడి, నిజాం వంశపు కోడలు ఎస్రా రాకుమారి చొరవతో పదేళ్లపాటు మరమ్మతులు జరిగాక 2010లో తాజ్ సంస్థ హోటల్‌గా తెరుచుకుంది. గుర్రపు బండి మీద మెట్ల దాకా తీసుకువెళ్లి, పైనుంచి గులాబీ రేకులు చల్లి ఆహ్వానిస్తారు. అక్కడ బస చేసే స్తోమత మాకు లేదు. ఒకసారి తేనీటికి వెళ్లి, 101 మంది ఒకేసారి కూర్చోగల భోజనాల బల్లను, చెక్కడపు కప్పున్న గ్రంథాలయాన్ని చూసి వచ్చాం. అక్కడి ధరలో కొంత భాగం ఆ పాత భవనాన్ని నిలబెట్టడానికి పోతుంది. ఆ ఖర్చు ఎవరో ఒకరు పెట్టకపోతే భవనమే ఉండదు కాబట్టి, స్తోమత ఉన్నవారు అక్కడ ఒక రాత్రి గడిపితే నేను దుబారా అనను. చరిత్ర చూడటానికి అంత ఖర్చు తప్పనిసరి అని కూడా అనను. చౌమహల్లా ప్యాలెస్ కొద్దిపాటి టికెట్‌తో అందరికీ తెరిచే ఉంది. ఖిల్వత్ ముబారక్ దర్బారు హాలులో షాండ్లియర్ల కింద మా బడి పిల్లలను కూర్చోబెట్టి నిజాముల పాలన పాఠం చెప్పాను. ఏ గదిలోనూ పడుకోకుండానే ఆ పిల్లలు దాన్ని గుర్తుపెట్టుకున్నారు.

రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లేవారు సెట్ చూడటానికే వెళ్తారు, సెట్టే చూసి వస్తారు. చెప్పింది ఒకటి, చూపింది మరొకటి అన్న ఇబ్బంది అక్కడ లేదు. పల్లె పేరుతో, చేతివృత్తుల పేరుతో అమ్మే చోట్ల మాత్రం ఆ పని తెలిసిన మనిషే అసలు సరుకు.

అందుకు కావలసిన మనుషులు మనకు దూరంలో లేరు. నగరం నుంచి యాభై కిలోమీటర్ల లోపు ఉన్న పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా గుర్తించింది. 1951లో వినోబా భావే భూదానోద్యమం మొదలైన ఊరు అదే. అక్కడి ఇళ్లలో దారాన్ని ముడులు కట్టి రంగులో ముంచి, ఆరబెట్టి, మళ్లీ కట్టి, మగ్గం ఎక్కించే పని రోజుల తరబడి సాగుతుంది. ఒక్క చీరకు ఆసు పోయాలంటే, అంటే ముడులు కట్టే ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టాలంటే, చేయి వేల సార్లు అటూ ఇటూ కదలాలి. ఆ పనితో తల్లి భుజం నొప్పి పడటం చూడలేక చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారుచేసి, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. అలాంటి ఇంటి వసారాలో ఒక పూట కూర్చుని ఒక ముడి కట్టి చూస్తే, చీర ధర మీద బేరమాడే చేయి దానంతట అదే ఆగిపోతుంది. ఆ పూటకు రెండు వేలు అడిగినా ఇవ్వవచ్చు, అది నేత కార్మికుడి ఇంటికే చేరుతుందంటే మూడు వేలైనా ఇవ్వవచ్చు. పర్యాటక శాఖ కొత్త రిసార్టులకు స్థలాలు చూపేటప్పుడు ఇటువైపు కూడా చూడాలని నా విన్నపం.

రిసార్టుల యజమానులను కోరేవి కొన్ని ఉన్నాయి. గది ధర పక్కనే పన్నుతో సహా మొత్తం చూపాలి. ఏ కార్యక్రమం ఎంతసేపు, ఎంతమంది కళాకారులతో జరుగుతుందో, దేనికి విడిగా చెల్లించాలో బుక్ చేసే ముందే రాతపూర్వకంగా చెప్పాలి. గంట కథ అని చెబితే గంట కథ జరగాలి. కళాకారులకు ఇచ్చే పారితోషికం కూడా ప్రకటిస్తే ఇంకా మంచిది. అతిథులు దాన్ని చూసి ఇష్టపడి ఎక్కువ ఇస్తారన్నది నా నమ్మకం. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద ఫిర్యాదుకు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వీలుంది, 1915 నంబరుకు ఫోన్ చేసి విషయం నమోదు చేయించవచ్చు. హోటళ్లు బిల్లులో దానంతట అదే సర్వీసు చార్జి కలపరాదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. మా బిల్లులో అది కనిపిస్తే తీసేయమని అడిగాం, తీసేశారు. అడగని వారు కట్టే వెళ్తున్నారు.

పాఠకులకు నేను చెప్పగలిగింది, బుక్ చేసే ముందు ఫోన్ చేసి గోడల గురించి, ఈతకొలను గురించి అడిగినట్టే, అక్కడి కుమ్మరి ఎన్ని గంటలు ఉంటాడు, పిల్లవాడు ఎంతసేపు కూర్చోవచ్చు, చేసిన ముంతను కాల్చి ఇస్తారా అని అడగమని. సూటిగా జవాబు వస్తే ఆ ధర గురించి ఆలోచించవచ్చు. ‘అక్కడికి వచ్చాక చూసుకోవచ్చు మేడం’ అంటే ఆ డబ్బు దాచుకోవడం మేలు.

మా మనవడు ఆ పెద్దాయన ఊరి పేరు తన నోటుబుక్కులో రాసుకున్నాడు. ఎండలు ముదరకముందే శని, ఆదివారాలు కాని ఒక మామూలు రోజున, ఆయనకు రిసార్టులో పని లేనప్పుడు, మేం నలుగురం అక్కడికి వెళ్తున్నాం. ఆయన ఫోన్‌లో ఒప్పుకున్నాడు. ఉదయం సారె మీద చేసింది ఆరాలి, తరువాత ఆవంలో కాలాలి కాబట్టి రెండుసార్లు రావలసి ఉంటుందని ముందే చెప్పాడు. వస్తామన్నాం.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయురాలు,
మల్కాజిగిరి, హైదరాబాద్.