అల్లుడుగారి రైఫిల్ గురించి

తిరుమలగిరి, సికింద్రాబాద్
జనవరి 18

చి. ల. సౌ. వసంతకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. సంక్రాంతికి నువ్వు పంపిన ముగ్గు వీడియోను మీ అమ్మ వీధంతా తిప్పి చూపించింది. నా చూపు మాత్రం ముగ్గు దాటి, వెనక గోడకు ఆనించి ఉన్న రైఫిల్ దగ్గర ఆగిపోయింది.

తర్వాత అల్లుడుగారు పంపిన ఫోటోలను పెద్దవి చేసి చూశాను. దాని మీద ముద్రలు: ఆర్.ఎఫ్.ఐ. (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్), 1967, 7.62 ఎం.ఎం., 2ఎ1. బెంగాల్ ఇషాపూర్ సరుకు. 1962 చైనా యుద్ధం తర్వాత, బ్రిటిష్ కాలపు పాత .303 రైఫిల్ నమూనానే గట్టి ఉక్కుతో 7.62 తూటాకు తగినట్టు మార్చి అక్కడ తయారుచేశారు. సైన్యంలో మరమ్మతులు చూసే ఈ.ఎం.ఈ. విభాగంలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా, ఇలాంటివి ఎన్ని నా బల్ల మీదికి వచ్చాయో లెక్కలేదు. మీకు అక్కడి పౌరసత్వం వచ్చిన పండుగకు ఆయన వెతికి వెతికి మామగారు బాగుచేసిన రకమే కొన్నారంటే నాకు గర్వంగానే ఉంది. ఈ మాట ఆయనకు చెప్పు. మిగతాది నీకే రాస్తున్నాను.

పాత బోల్టు (తూటాను లోపలికి తోసి, వెనక మూసి పట్టే ఉక్కు ముక్క) నల్లబడిందని ఇంటర్నెట్‌లో తళతళలాడే మరో బోల్టు తెప్పించి వేశారట. "అచ్చంగా పట్టేసింది మామయ్యగారూ" అన్నారు. ఆ మాటకే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పట్టడం వేరు, కుదరడం వేరు తల్లీ. ఈ జాతి రైఫిల్‌కు బోల్టును పట్టి ఉంచే కొమ్ములు ముందు కాదు, వెనక వైపు ఉంటాయి. రెండు పక్కలా సమానంగా ఆనేలా ఏ బోల్టును ఆ బాడీకి చూసి అమర్చేవారు. అందుకే బాడీ మీద ఉన్న నంబరే బోల్టు పిడి వెనక కూడా కొట్టేవారు. కొత్తది లోపలికి జారిపోతుంది, మూసుకుంటుంది, బయటినుంచి ఏ తేడా కనిపించదు. తేడా అంతా బోల్టు ముఖం నుంచి, ఛాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గదిలో, తూటా భుజం ఆని ఆగే చోటు దాకా ఉండే దూరంలో ఉంటుంది. దాన్నే హెడ్‌స్పేస్ అంటాం. కొలవడానికి గో, నో-గో అని రెండు గేజులు ఉంటాయి. ఒకదాని మీద బోల్టు మూసుకోవాలి, రెండోదాని మీద మూసుకోకూడదు. మీ దగ్గర అమ్మే .308 గేజుల్లో ఆ రెంటికీ తేడా అంగుళంలో వెయ్యో వంతులు నాలుగే. కాగితం మందం అనుకో.

నా సర్వీసులో ఒకసారి, రైఫిళ్లు శుభ్రం చేసే రోజున ఇద్దరు సిపాయి కుర్రాళ్లు పక్కపక్కన కూర్చుని, కబుర్లలో పడి బోల్టులు మార్చుకున్నారు. మర్నాడు రేంజిలో ఒకడి రైఫిల్ మామూలుగానే పేలింది, కానీ పొగ ముందుకు పోకుండా వెనక్కి, వాడి మొహం మీదికి వచ్చింది. బోల్టు తెరిస్తే ఇత్తడి కేసు అడుగు మాత్రమే ఊడి వచ్చింది, మిగతా గొట్టం ఛాంబర్‌లోనే ఇరుక్కుంది. ఆ ముక్క నా చేతికిచ్చారు. తెగిన చోట ఇత్తడి సాగి, కత్తి అంచులా పలచబడి మెరుస్తోంది. కళ్లద్దాలున్నాయి కాబట్టి వాడి కళ్లు దక్కాయి. కనుబొమలు మాత్రం నెలరోజులు లేవు. లోపల పీడనం చదరపు అంగుళానికి 50 వేల పౌండ్లు దాటుతుంది. దారి దొరికితే అది ఎటైనా వస్తుంది.

ఇక పోస్టులో వస్తోందన్న "తేలిక ట్రిగ్గర్" సంగతి. ఈ రైఫిల్ ట్రిగ్గర్‌ను రెండు దశల్లో లాగాలి. మొదట మూడు నాలుగు పౌండ్లు, తర్వాత అయిదారు పౌండ్ల బరువు. మేము బరువులు వేలాడదీసి చూసేవాళ్లం. బరువుగా ఉందని అందరూ తిట్టుకునేవారు, నేనూ తిట్టుకున్నాను. కానీ తేలిక చేయడమంటే రెండు ఉక్కు అంచులు ఒకదానిపై ఒకటి ఆనే చోటును తగ్గించడం. మరీ తగ్గితే బోల్టును జోరుగా మూసినా, బట్ (వెనక కర్ర భాగం) నేలకు తగిలినా చాలు, వేలు తగలకుండానే పేలవచ్చు. పైగా దీని సేఫ్టీ బోల్టు వెనక ఉండే కాకింగ్ పీస్ అనే ముక్క గాడిలో పడి పనిచేస్తుంది. బోల్టు మారితే ఆ గాడీ మారింది.

అందుకని ముందు పాత బోల్టును దాని చోట తిరిగి పెట్టించు. దాన్ని పారేయలేదు కదా? తర్వాత రైఫిల్‌ను అక్కడ తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లి గేజులు పెట్టి చూడమనండి. ఛాంబర్ ఖాళీ అని ఇద్దరూ విడివిడిగా చూసుకున్నాక, కాక్ చేసి (పేలడానికి సిద్ధంగా బిగించి), సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ లాగి వదిలి, అప్పుడు సేఫ్టీ తీయమనండి. ఆ క్షణాన టక్కుమని శబ్దం వస్తే ఇక ఆ రైఫిల్‌కు తూటా చూపించవద్దు. ఈలోగా అది గోడకు ఆనించి ఉండకూడదు. తాళం వేసిన బీరువాలో పెట్టండి. ఆ వీడియోలో చిన్నవాడు దానికి రెండడుగుల దూరంలో బొమ్మ కారు తోస్తున్నాడు.

అల్లుడుగారికి నేను చెబితే బాగుండదు. మామగారు వంక పెట్టారనుకుంటారు. నువ్వు చెబితే అలుగుతారు కానీ వింటారు. లేదా నాన్న పాత బోల్టు నంబరు చూడాలని సరదా పడుతున్నారని చెప్పు. అబద్ధమేమీ కాదు. ఆదివారం ఫోనులో బోల్టు పిడి మీద, బాడీ మీద ఉన్న నంబర్లు రెండూ నాకు చదివి వినిపించు. కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుంటాను.

మీ నాన్న