ఆ రహస్యాన్ని ట్విస్ట్ అనకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో నాటకాల సమీక్షలు వదలకుండా చదువుతాను, అందుకే రాస్తున్నా. తల్లిది ఒక సంస్కృతి తండ్రిది ఇంకోటి, లేదా దేశం వదిలి వెళ్ళి వేరేచోట స్థిరపడ్డ కుటుంబం, ఇంట్లో ఎవరో ఏదో దాచారు, ఇలాంటి నాటకం ఏది వచ్చినా సమీక్షలో అదే మాట, క్లైమాక్స్‌లో ట్విస్ట్ అదిరింది అని. చదివినప్పుడల్లా బాధేస్తుంది. ట్విస్ట్ అంటే రాసినాయన తెలివి అన్నమాట. కానీ ఈ నాటకాల్లో ఉండేది ఒక మనిషి ఏళ్ళకేళ్ళు పంటి బిగువున ఓర్చుకున్న విషయం కదండీ.

కర్ణుడి సంగతే చూడండి. అతని పుట్టుక మనకి మొదట్నించీ తెలుసు, యుద్ధానికి ముందు అతనికీ తెలిసిపోతుంది, తెలియంది తమ్ముళ్ళకే. యుద్ధమంతా అయ్యాక తర్పణాలప్పుడు కుంతి నోరు విప్పితే ధర్మరాజు ఏమన్నాడు, ఇకమీదట ఆడవాళ్ళ దగ్గర రహస్యం దాగదని శపించాడు. నోట్లో నువ్వు గింజ నానదనే మాట అక్కణ్ణించే వచ్చిందంటారు. అన్నేళ్ళు ఒక్కతే కడుపులో దాచుకున్న తల్లికి దక్కింది ఆ శాపం! నేను చదివిన, చూసిన వాటిల్లో ఇలా దాచింది ఎక్కువగా తల్లే, అదీ పిల్లల మీద ప్రేమ లేక కాదు.

వాజ్దీ మువావాద్ అని లెబనాన్‌లో పుట్టి, అక్కడి యుద్ధం వల్ల చిన్నప్పుడే కుటుంబంతో దేశం వదిలి ఫ్రాన్స్, ఆ తర్వాత కెనడా వెళ్ళిన రచయిత ఉన్నారు, ఆయన 2003 నాటకం 'ఆన్సాండీ'లో తల్లి చనిపోయే ముందు ఐదేళ్ళు అసలు మాట్లాడదు. పోయాక కవల పిల్లల చేతికి రెండు ఉత్తరాలు వస్తాయి, ఒకటి చనిపోయాడనుకున్న తండ్రికి, ఇంకోటి ఉన్నాడని కూడా తెలియని అన్నకి. చివరికి ఏం తెలుస్తుందో నేను చెప్పను. కానీ నిజం బయటపడగానే నాటకం ఆగదు, ఆ ఉత్తరాలు చేరాలి, పిల్లలకి తల్లి రాసిన మాటలు వినాలి, ఆ ఐదేళ్ళ మౌనం ఏంటో అప్పుడు గానీ మనకి అర్థం కాదు. నాకు అసలు నాటకం అక్కడే అనిపిస్తుంది.

టామ్ స్టాపర్డ్ 'లియోపోల్డ్‌స్టాట్' (2020) అయితే ఇంకోలా ఉంటుంది. వియన్నాలో ఒక యూదు కుటుంబాన్ని 1899 నించి 1955 దాకా చూస్తాం. చివర్లో ఇంగ్లండ్‌లో పెరిగిన కుర్రాడొకడు వస్తాడు, పేరు కూడా ఇంగ్లీషుదే, తన వాళ్ళెవరో అతనికి సరిగ్గా గుర్తు లేదు. మనకి మాత్రం అందరూ తెలుసు, అప్పటిదాకా వాళ్ళింట్లోనే కూర్చున్నట్టు ఉన్నాం కాబట్టి. ఒక్కొక్కరూ ఎక్కడ పోయారో పేర్లు చదువుతుంటే అతను వింటాడు, మనం అతని మొహం చూస్తాం. ఇందులో ట్విస్ట్ ఎక్కడుంది చెప్పండి. చెకోస్లోవేకియాలో పుట్టి ఇంగ్లీషువాడిగా పెరిగిన స్టాపర్డ్‌కి కూడా తన తాతలు అమ్మమ్మలూ అంతా యూదులని యాభై దాటాకే తెలిసింది.

పెద్ద రహస్యమే ఉండాలని కూడా లేదు. అయూబ్ ఖాన్ దిన్ 'ఈస్ట్ ఈజ్ ఈస్ట్' (1996)లో తండ్రి పాకిస్తానీ, తల్లి ఇంగ్లీషావిడ, ఆయన కొడుకులకి చెప్పకుండా పెళ్ళిళ్ళు కుదిర్చేస్తాడు, పిల్లలు ఆయనకి తెలియకుండా వాళ్ళకి నచ్చినట్టు బతుకుతుంటారు, మధ్యలో తల్లి నలిగిపోతుంది. ఇలాంటి పిల్లల్ని సమీక్షల్లో సగం ఇటు సగం అటు అని రాస్తారు, అదీ నాకు నచ్చదు. మనిషి సగం సగం ఉండడు, నాన్న ముందు ఒకలా అమ్మ ముందు ఇంకోలా పూర్తిగానే ఉంటాడు, స్టేజి మీద నటుడు గొంతూ నిలబడే తీరూ మార్చి అది చూపించగలడు.

నాకెందుకు ఇంత పట్టింపు అంటే, మాది రెండు భాషల ఇల్లు. అమ్మ వాళ్ళక్కతో ఫోన్లో తన భాషలో మాట్లాడుతూ మేం గదిలోకి రాగానే టక్కున మార్చేసేది. మా గురించే ఏదో దాస్తోందని చిన్నప్పుడు ఎంత ఉడుక్కునేదాన్నో. పెద్దయ్యాక అడిగితే, ఆ యాస మీకు అంటుకుంటే బడిలో ఏడిపిస్తారని భయమేసిందే అంది. ఇప్పుడు ఆ భాషలో నాలుగు మాటలు కూడా రావు నాకు.

సినిమాలో అయితే ఫ్లాష్‌బ్యాక్ వేసేస్తారు. నాటకంలో అలా కాదు, తెలిసిన మనిషి తెలియని వాళ్ళ మధ్యే అందరికీ కనబడుతూ తిరగాలి, ఎవరో మామూలుగా ఒక ప్రశ్న అడుగుతారు, ఆవిడ చేతిలో పని ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలవుతుంది. నాలాంటివాళ్ళం వెళ్ళేది అది చూడ్డానికే. నిజం బయటపడగానే లైట్లు ఆర్పేసి తెర వేసే దర్శకులకి కూడా ఒక మాట, ఆ కుటుంబం మర్నాడు పొద్దున ఒకళ్ళ మొహం ఒకళ్ళు ఎలా చూసుకుందో కాస్త చూపించండి.

మీ సమీక్షకులకి నా విన్నపం ఒకటే. ట్విస్ట్‌కి మార్కులు వేసేముందు, ఆ తల్లి వేషం వేసినావిడ మొదటి సీన్ నించీ ఆ నిజాన్ని ఎలా పట్టుకుని నిలబడిందో ఒక్క వాక్యమైనా రాయండి.

ఇట్లు,
ఒక నాటకాల ప్రేక్షకురాలు